ఖాళీ గడిలో పేరు

దెయ్యాలు అర్ధరాత్రిళ్ళే తిరుగుతాయని చెప్పినవాడెవడో ఆఫీసు ఉద్యోగం చేసి ఉండడు. నేను చూసింది మధ్యాహ్నం పూట. భోజనాలయ్యాక, కిటికీ అద్దాల్లోంచి ఎండ కార్పెట్టు మీద పడుతున్నప్పుడు. ఏసీ సన్నగా రొద పెడుతోంది. ఎవరి బల్ల మీదో బిస్కట్ల పొట్లం సగం విప్పి ఉంది. భయపడడానికి కావలసిన సరంజామా ఒక్కటీ అక్కడ లేదు. అందుకే మొదట నాకు భయం వెయ్యలేదు, చిరాకేసింది.

ఆ చిరాకుకి కారణం మా మేనేజరు. ఆయన్ని వెనకాల మేమంతా ‘అయిపోద్దిగారు’ అంటాం. ఏం అడిగినా ఆయన దగ్గర ఒకటే మాట. సర్వరు పడిపోయిందండీ అంటే, అయిపోద్ది. మనిషి మానేశాడండీ అంటే, అయిపోద్ది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. నున్నటి గుండు, మడత నలగని చొక్కా, మెళ్ళో ఆఫీసు కార్డు, దాని మీద బారెడు హోదా. తన ఫైలు తాను ఎక్కడ దాచుకున్నాడో వెతకడానికి మాత్రం నన్ను పిలుస్తాడు. అలాంటివాళ్ళు పైకెందుకు వస్తారని అడక్కండి. బరువు లేనిదే కదా నీళ్ళమీద తేలేది.

మా పని ఏంటంటే, ఆసుపత్రుల్లో రక్తపరీక్షల మిషన్ల నుంచి ఫలితాలు తెచ్చి డాక్టరు ముందున్న తెరమీద పెట్టే సాఫ్ట్‌వేర్ రాయడం. అందులో నా వంతు, రాసినదాన్ని కాపాడడం. ఎవరు, ఏ ఫైల్లో, ఏ ముక్క మార్చారు, ఎందుకు మార్చారు... ఇదంతా వరసగా గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఒకటుంటుంది. దాన్ని రెపో అంటాం. మార్పు చేసిన ప్రతిసారీ కింద ఒక మాట రాసి పెట్టాలి. ఆ మార్పూ ఆ మాటా కలిపి ఒక కమిట్. దాని పక్కన రాసినవాళ్ళ పేరుంటుంది. మా రెపో మా దగ్గర ఉండదు, ఒక హోస్టింగు సైటులో అద్దెకుంటుంది.

ఆ సైటువాళ్ళు పాత రకం రెపోలు ఇక నడపం, కొత్త రకానికి మారండని కబురుపెట్టారు. మారడానికి సెట్టింగుల పేజీలో ఒక చిన్న గడి ఉంటుంది. అందులో పాతదాని బదులు కొత్తది ఎంచుకుని మీట నొక్కాలి. కింద ఎర్ర అక్షరాల్లో ఒక హెచ్చరిక. దాని పక్కనే ‘నాకు అర్థమైంది’ అని టిక్కు పెట్టే చోటు.

“ఏముందమ్మా అందులో. రెండు నొక్కులు. అయిపోద్ది” అన్నాడు.

“నొక్కితే పాతది శాశ్వతంగా పోతుంది సార్. ఎర్రగా రాశారు చూడండి.”

“తాజా ఫైళ్ళు మన దగ్గరుంటాయి కదా?”

“ఫైళ్ళుంటాయి. చరిత్ర పోతుంది.”

“చరిత్ర ఎవడిక్కావాలమ్మా. మనమేమైనా పరీక్ష రాయాలా?” అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. పక్కనున్న ఇద్దరు కూడా నవ్వారు. వాళ్ళకి జీతాలు పెరగాలి మరి.

ఆ చరిత్రలో మా అక్క ఉంది.

అక్క నాకంటే ముందే ఇక్కడ చేరింది, నన్నూ ఇక్కడికి లాక్కొచ్చింది. చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. కిందటేడు చలికాలంలో ఒకరోజు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, కాసేపు పడుకుంటానని గదిలోకి వెళ్ళి, మళ్ళీ లేవలేదు. ఫోటోలున్నాయి, బట్టలున్నాయి. గొంతు మాత్రం ఆ కమిట్ల కింది మాటల్లోనే మిగిలింది. అందరూ అక్కడ ‘తప్పు సరిచేశాను’ అని ముక్తసరిగా రాసి ఊరుకుంటారు. అక్క కబుర్లు చెప్పేది. ‘మొదటి రోజు. భయంగా ఉంది. ఒక కామా సరిచేశాను, ఎవరికీ చెప్పకండి.’ ఇంకోచోట, ‘మా చిన్నీ కూడా ఇక్కడే చేరింది. ఇకనుంచి తప్పులన్నీ దాని ఖాతాలో.’ ఇంకోచోట, ‘చిన్నీ, తలుపే లేనిచోట తాళం పెట్టావేంటే. తీసేశాను. అన్నం తిన్నావా?’ చిన్నీ అంటే నేను. ఆ పేరుతో నన్ను పిలిచేది అదొక్కతే.

రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ కాసిని చదువుకునేదాన్ని. అన్నీ ఎన్నోసార్లు చదివినవే. ఏడుపొచ్చేది కాదు. తిడుతోంది కదా, ఉన్నట్టే ఉండేది.

అందుకని ఆ పని నేనే చేస్తానని పట్టుబట్టాను. జాగ్రత్తగా చెయ్యాలంటే దానికో పద్ధతుంది. సైటులో ఏదీ ముట్టుకోకముందే పాత రెపో మొత్తాన్ని, చరిత్రతో సహా, మన డిస్కులోకి దించుకోవాలి. దాన్ని కొత్త రకంలోకి మార్చాలి. మార్చినదాన్ని పాతదానితో పోల్చి చూసుకోవాలి. అప్పుడు మాత్రమే మీట నొక్కాలి. అదీకాక పేర్ల పట్టిక ఒకటి కావాలి. పాత రకంలో మనిషికి ఒక పొట్టి పేరుంటే చాలు, కొత్త రకానికి పూర్తి పేరూ, పనిచేసే మెయిలూ కావాలి. ఎడమ గడిలో పాత పేరు, కుడి గడిలో కొత్త పేరు. ఎడమవైపు మనిషి చేసిన పనంతా కుడివైపు మనిషి మీదికి వెళ్ళిపోతుంది.

ఆఫీసుకి సెలవైన ఒక రోజు చూసుకుని వచ్చాను. నేను, అయిపోద్దిగారు, బయట కాపలా మనిషి, అంతే. ఆయన ఎందుకొచ్చాడో ఆయనకే తెలియాలి, ఇంట్లో ఫ్యాను బాగాలేదేమో. నేను కాపీ దించుకున్నాను. దాన్ని నా సొంత డిస్కులో కూడా వేసుకుని సంచిలో పెట్టుకున్నాను. పట్టిక నింపాను. అక్క పేరు దగ్గర చెయ్యి ఆగింది. పోయిన మర్నాడే కంపెనీవాళ్ళు దాని మెయిలు తీసేశారు. ఆ విషయంలో మాత్రం ఎంత చురుకో. పోయినవాళ్ళకి పనిచేసే మెయిలు ఎక్కణ్ణుంచి తేను? ఆ గడి ఖాళీగా వదిలేసి, ఆలోచిద్దామని, కిందికెళ్ళి రెండు ముద్దలు తిన్నాను.

పైకొచ్చేసరికి ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“అయిపోయిందమ్మా” అన్నాడు. జీవితంలో మొదటిసారి క్రియ మార్చాడు.

“ఏం అయిపోయింది సార్?”

“అదే, నీ మార్పిడి. ఒక గడి ఖాళీగా ఉంటే ముందుకి పోనివ్వట్లా. నా పేరు పెట్టేశా.”

తెర చూశాను. పాత రెపో సైటులో లేదు. కొత్తది వచ్చింది. అక్క చేసిన ప్రతి పని పక్కనా ఆయన పేరు, ఆయన పేరు పక్కన ఆయన ఫోటో. నున్నటి గుండు, పళ్ళు కనబడేలా నవ్వు. పక్కనే ‘చిన్నీ, అన్నం తిన్నావా?’ అని ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది కళ్ళముందు కనిపించింది.

“మళ్ళీ చెయ్యాలి. కాపీ నా దగ్గరుంది” అన్నాను.

“వద్దమ్మా. ఇందులో చూడు, అందరికంటే ఎక్కువ పని నాదేనని చూపిస్తోంది. వచ్చే నెల పైవాళ్ళు చూస్తారు. ఉండనీ. అయినా ఆవిడకిప్పుడు పేరెందుకు?”

నాకు చెయ్యెత్తి కొట్టాలనిపించింది. ఆ గుండు మీద, చప్పుడు వినబడేలా. ఆయన అదేం గమనించలేదు. తీరిగ్గా ఒళ్ళు విరుచుకున్నాడు. రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చాడు. అక్కడేదో ఉన్నట్టు గుప్పెట్లోకి తీసుకుని, మెలిపెట్టి, మెలిపెట్టి, పైకి చుట్టాడు. బల్ల మీద నా పెన్సిల్ తీసుకుని ఆ చుట్టలోకి గుచ్చాడు. పెన్సిల్ కార్పెట్టు మీద పడింది. ఆయన దానివంక చూశాడు.

“ఇదేంటి... జారిపోయింది” అన్నాడు నెమ్మదిగా.

అక్క జుట్టు అలాగే ముడేసుకునేది. పెన్సిలుతో. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఆయన మొహం చూస్తే వెక్కిరింపు లేదు. మళ్ళీ తల వెనక తడుముకుంటున్నాడు, పోగొట్టుకున్నదేదో వెతుక్కుంటున్నట్టు. ఏసీ గాలిలో సన్నగా వాసన వచ్చింది. తలనొప్పి బామ్ వాసన. అది లేకుండా అక్క బల్ల దగ్గర కూర్చునేది కాదు. నేను బల్లల కిందంతా చూశాను. ఎక్కడా సీసా లేదు. అప్పుడు భయం వేసింది.

ఆ మర్నాడు మామూలుగానే వచ్చాడు. గుడ్ మార్నింగ్ అన్నాడు, రిపోర్టు అడిగాడు, అయిపోద్ది అన్నాడు. హమ్మయ్య, నా పిచ్చి అనుకున్నాను. పదకొండింటికి అనుకుంటా, మీటింగులో ఎవడో ఒకడు ప్రోగ్రాములో తప్పెక్కడుందో తెలీక తల పట్టుకుంటే, ఆయన లేచి తెర దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూపించాడు. కోడు మొహం ఎప్పుడూ చూడని మనిషి. వేలు పెట్టింది సరిగ్గా తప్పున్నచోటే. అందరూ చప్పట్లు కొట్టారు. మహానుభావుడు దాచుకున్నాడు గానీ ఎంత తెలివో అన్నారు. ఆయనొక్కడే కంగారుగా తన వేలివంక చూసుకున్నాడు.

రెండ్రోజులకి వాళ్ళావిడ నాకు ఫోన్ చేసింది. ఆఫీసు వేడుకల్లో ఒకట్రెండుసార్లు చూశాను. నెమ్మదస్తురాలు. ఆయన పక్కన ఎవరైనా నెమ్మదస్తుల్లాగే కనిపిస్తారనుకోండి.

“ఏమీ అనుకోకండి. ఆఫీసులో ఏమైనా గొడవా?” అంది.

“ఏమీ లేదండీ. ఎందుకు?”

“నిన్న రాగానే తలుపు దగ్గర చెప్పులు విడిచి నిలబడిపోయారు. లోపలికి రమ్మంటే... ‘నమస్తే మేడమ్, మీరు సార్ వాళ్ళ మిసెస్ కదూ’ అన్నారు. వేళాకోళం అనుకున్నా. రాత్రంతా సోఫా మీద ముడుచుకుని కూర్చున్నారు. పాప దగ్గరికెళ్తే, ‘ముద్దొస్తోంది, ఏ క్లాసు?’ అని అడిగారు.”

అక్కకి ఆవిడ అంతవరకే తెలుసు. సార్ వాళ్ళ మిసెస్. డాక్టరుకి చూపించండని చెప్పి పెట్టేశాను. ఇంకేం చెప్తాను? మీ ఆయన్లో మా అక్క చేరిందని చెప్పనా?

ఆ మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్ళి తలుపేశాను. ఆయన కుర్చీలో కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆ పొట్టతో, ఆ ప్యాంటుతో. చూస్తే నవ్వొచ్చే దృశ్యమే. నాకు నవ్వు రాలేదు.

“సార్” అన్నాను.

తన మోకాళ్ళవంకే చూసుకుంటున్నాడు.

“అక్కా” అన్నాను, గొంతు తగ్గించి.

కళ్ళెత్తాడు. కళ్ళు ఆయనవే. చూపు ఆయనది కాదు.

“చిన్నీ...” అన్నాడు. మగ గొంతు, బొంగురుగా. విరుపు మాత్రం అక్కదే. చివర్లో కొంచెం లాగడం. “అమ్మకి చెప్పకే... మందు మానేశాను. గుండె దడగా ఉంటోంది దానితో.”

ఈ మాట ఏ కమిట్‌లోనూ లేదు. అక్క మందు మానేసిన సంగతి పోయాక, డ్రాయరు నిండా విప్పని డబ్బాలు చూసి తెలుసుకున్నాం. నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. ఆయన గుండు మీద ఎండ పడుతోంది. ఆ మొహం చూస్తే అసహ్యం, ఆ గొంతు వింటే ప్రాణం లేచొస్తోంది. ఇంత అన్యాయం ఏ దెయ్యమైనా చేస్తుందా? రావాలనుకుంటే నా మీదికి రావచ్చుగా.

సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ తర్వాత రోజూ వెళ్ళాను. తలుపేసుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. బయట ఏమేమో అనుకున్నారు. ఆ గుండాయనతో నాకు సంబంధమట, అనుకున్నవాళ్ళ కళ్ళు పొయ్యిలో పెట్టా. మధ్యమధ్యలో ఆయన తనలోకి వచ్చేవాడు. మునిగిపోతున్న మనిషి నీళ్ళపైకి ఒకసారి తల ఎత్తినట్టు. చెమటలు కారుతూ నా చెయ్యి పట్టుకునేవాడు.

“ఏమ్మా... నాకేమవుతోంది?”

“ఏమీ లేదు సార్. అయిపోద్ది” అనేదాన్ని.

ఆ మాట అన్నప్పుడు నాకు బాగానే ఉండేది. తన మాట తనకే తిరిగి తగిలితే ఎలా ఉంటుందో తెలియాలి కదా. నాలుగురోజులు అలా మురిశాను.

తర్వాత ఒకరోజు పొద్దున ఆఫీసులో కాఫీ తాగుతూ పాత కాపీ తెరిచి అక్క మాటలు చదువుతుంటే వెన్నులో చలి పుట్టింది. మొదటి రోజు ఆయన కంగారుపడింది మొదటి రోజు భయం. తర్వాత, అక్క మొదట్లో ఉన్న హాస్టల్లో నీళ్ళు రావట్లేదన్నాడు, అది రెండో పేజీ. చిన్నీ చేరిందని మురిశాడు, అది ఆ తర్వాతది. ఏ రోజు ఏం మాట్లాడాడో వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. మందు మానేసిన సంగతి ఒక్కటి తప్ప, వరస తప్పలేదు. అక్క చరిత్ర మొదట్నుంచి చివరికి ఆయన మీద ఒక్కొక్కటే ఎక్కుతోంది. నిన్న ఆయన నాతో అన్నది చివరి పేజీలోది.

చివరి కమిట్ నాకు కంఠస్థం. ‘ఊపిరాడట్లేదు. ఇన్‌హేలర్ ఎక్కడ పెట్టానో. ఇది దాచి ఇంటికి పోతున్నా. మిగతాది రేపు.’

కప్పు కిందపెట్టి, సంచి పట్టుకుని ఆయన గదిలోకి పరిగెత్తాను. ఆయన సొరుగులన్నీ బయటికి లాగి కింద పోశాడు. మోకాళ్ళ మీద కూర్చుని కాగితాలు చెల్లాచెదురు చేస్తున్నాడు. ఛాతీలోంచి చప్పుడొస్తోంది. పిల్లి కూత లాంటిది. చిన్నప్పట్నుంచీ రాత్రిళ్ళు పక్క మంచం మీంచి వింటూ పెరిగిన చప్పుడు.

“చిన్నీ... ఇన్‌హేలర్... ఎక్కడ పెట్టాను?”

డాక్టర్ని పిలవమని బయటికి కేకేశాను. ఆయన కంప్యూటరు ముందే కూర్చుని సంచిలోంచి నా డిస్కు తీసి గుచ్చాను. మార్పిడి మళ్ళీ మొదలుపెట్టాను. పట్టిక తెరిచాను. అక్క పేరు. కుడి గడి. అందులో ఆయన పేరు చెరిపేశాను.

ఎవరి పేరు పెట్టను? ఊరూ పేరూ లేని మెయిలు పెడితే సైటు ఒప్పుకోదు. నా పేరు పెడితే... ఒక్క క్షణం ఆశ పుట్టింది. అక్క మొత్తం నాలోకి వస్తుంది. ఆ వెంటనే ఆ చివరి మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నాకు బతకాలనుంది. అక్క పేరే రాశాను. దాని సొంత మెయిలు రాశాను, చిన్నప్పుడెప్పుడో పెట్టుకున్నది. ఆ మెయిలు తెరవగలిగేవాళ్ళు భూమ్మీద ఎవరూ లేరు.

మీట నొక్కాను. తెరమీద వచ్చింది: ‘ఇది కంపెనీ మెయిలు కాదు. ఈ చిరునామాకి లేఖ పంపాం. యజమాని ఒప్పుకున్నాక మార్పు అమలవుతుంది.’ కింద ఇంకో మీట: ‘చరిత్ర లేకుండా ముందుకి వెళ్ళండి.’

వెనకాల కూత సన్నబడింది. తిరిగి చూశాను. పెదాలు నీలంగా ఉన్నాయి. కార్పెట్టుని గోళ్ళతో గీరుతున్నాడు...

ఆ రెండో మీట నొక్కితే ఆయన బతుకుతాడు. డిస్కులో కాపీ ఉంటుంది గానీ, చిన్నీ అని పిలిచే అక్క ఉండదు. మొదట్నుంచీ ఆయన చెప్పింది అదే కదా, చరిత్ర ఎవడిక్కావాలని. వెధవ ప్రాణం, అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఈ మనిషి లేకపోతే లోకానికి ఏం తక్కువ? ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. మా అక్క మాటల్లో ఒక కామాకి సరిపోడు.

కూత ఆగిపోయింది.

వేలు మీట మీద ఉంది. నొక్కేదాన్నో లేదో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు.

తెర మారింది.

‘యజమాని ఒప్పుకున్నారు.’

అక్షరాలు రెండుసార్లు చదివాను. బామ్ వాసన గుప్పుమంది. నా చెవి పక్కనుంచి ఎవరో వెళ్ళినట్టు గాలి కదిలింది... తలుపు వేసే ఉంది. వెనకాల ఆయన ఒక్కసారిగా పెద్ద ఊపిరి తీసుకున్నాడు.

డాక్టరు వచ్చి చూసి, ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉన్నాయన్నాడు. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళు కింద పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. మొహంలో రంగు తిరిగి వచ్చింది. నెమ్మదిగా నవ్వుతున్నాడు. నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. పోనీలే, గండం గడిచింది, రేపట్నుంచి మళ్ళీ వీడి సోది వినాలి అనుకున్నాను.

“ఇంటికెళ్ళి పడుకోండి సార్” అన్నాను.

“ఎవరింటికండీ?” అన్నాడు.

మర్యాదగా అడిగాడు. కొత్త ఊళ్ళో దారి అడిగే మనిషిలా.

వాళ్ళావిడ పాపని వెంటపెట్టుకుని వచ్చింది. పాప పరిగెత్తుకెళ్ళి ఆయన కాళ్ళు చుట్టేసింది. ఆయన వంగి దాని తల నిమిరి, “మీ నాన్నగారు ఎక్కడున్నారమ్మా?” అని అడిగాడు. ఆవిడ ఏడవలేదు. నన్ను పక్కకి పిలిచింది.

“మీ అక్కగారి విషయం ఆఫీసువాళ్ళెవరో చెప్పారు. మీరేదో మళ్ళీ సరిచేశారట కదా.”

తలూపాను.

“మీరు అన్నిటికీ కాపీ తీసి దాచుకుంటారట. ఇంట్లో ఎప్పుడూ నవ్వేవారు, ఆ అమ్మాయికి అదో పిచ్చి అని.” నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. “ఆయనది తీశారా?”

అక్కది రెండు చోట్ల దాచుకున్నాను. అది మీద పడి ఆయనది చెరిగిపోతోందని వారం నుంచీ చూస్తూనే ఉన్నాను. అలాంటి మనిషిని దాచాలని తోచనేలేదు.

“లేదండీ” అన్నాను. ఆవిడ చెయ్యి వదిలేసింది.

వాళ్ళు ఆయన్ని చెరోవైపూ పట్టుకుని లిఫ్టు ఎక్కారు. ఆయన ఇద్దరికీ థాంక్స్ చెప్తున్నాడు. నేను వెనక్కొచ్చి కూర్చున్నాను. ఇంకా ఎండ తగ్గలేదు. పని అయితే పూర్తి చెయ్యాలి కదా. పాతదానితో కొత్తది పోల్చాలి. పోల్చాను. అక్క పేరు అన్నిచోట్లా తిరిగి వచ్చింది. ఒక్క ముక్క పోలేదు. అయితే కొత్తదాంట్లో ఒక కమిట్ ఎక్కువ ఉంది. అన్నిటికంటే పైన. అక్క పేరుతో. ఏ ఫైలూ మారలేదు. మాట ఒక్కటే ఉంది.

‘చిన్నీ, ఇక్కడికి ఎవరో ఒకాయన వచ్చాడు. గుండాయన. ఒకటే ఏడుపు. వాళ్ళ పాప పేరు గుర్తొస్తే వెళ్ళిపోతాడట. నీకేమైనా తెలుసా?’

నాకు తెలీదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన ఇంటి సంగతులు మొదలెడితే నేను ఫోన్ చూసుకునేదాన్ని. వాళ్ళావిడకి ఫోన్ చేశాను. మూడుసార్లు మోగాక తీసింది.

“ఒక్క సంగతి అడగాలండీ. మీ పాప పేరేంటి?”

“మా పాప పేరా?” అంది ఆవిడ.

వెనకాల పాప తనలో తనే ఏదో పాడుకోవడం వినబడుతోంది. నేను ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

“ఉండండి... ఒక్క నిమిషం” అంది ఆవిడ చివరికి, చాలా మెల్లగా. “ఇప్పుడే... నోట్లోనే ఆడుతోంది.”